చెదలు కిటికీలో పుట్టవు

ఈ వారంలో ఆ మెసేజ్ నాకు రావడం ఇది ఏడోసారి. మొదట మా పిన్ని కొడుకు పంపాడు, తర్వాత కాలేజీ స్నేహితురాళ్ల గ్రూపులో వచ్చింది, నిన్న రాత్రి మా వీధి గ్రూపులోనే రెండుసార్లు పడింది. "మీ ఇంటి చెక్క కిటికీలకు 20 ఏళ్లు దాటాయా? వెంటనే మార్చండి" అని మొదలవుతుంది. చెక్క ఆయుష్షు 20 ఏళ్లేనట. ఒక్క కిటికీకి చెదలు పడితే ఇంట్లో కిటికీలన్నీ పీకించాలట. డబుల్ గ్లాస్ పెడితే కరెంటు బిల్లు సగమవుతుందట. యూపీవీసీ అనే గట్టి ప్లాస్టిక్ కిటికీలకు మెయింటెనెన్సే ఉండదట. పాత రంగుల్లో విషముందట. పాత కిటికీలున్న ఇల్లు అమ్ముడుపోదట. చివర్న "మీ ఆత్మీయులందరికీ పంపండి".

ఎవరు రాశారో పేరు లేదు. చదివి ఊరుకునేదాన్నే. కానీ విజయవాడ సింగ్‌నగర్‌లో మా అక్క ఇలాంటి మాట నమ్మే బంగారం లాంటి టేకు రెక్కలు పోగొట్టుకుంది. అందుకని ఈసారి ఊరుకోలేకపోతున్నాను.

ముందు ఆ 20 ఏళ్ల సంగతి. మేముండే సత్యనారాయణపురం ఇల్లు మా మామగారు 1974లో కట్టించారు. తొమ్మిది కిటికీల్లో ఎనిమిది ఆనాటివే, ఎనిమిదీ గడియ పడతాయి. చెక్కకు వయసు చూడకూడదు, చేవ చూడాలి. టేకులో లోపలి చేవ భాగాన్ని చెదలు అంత తేలిగ్గా ముట్టవు. బెరడు పక్కనుండే లేత చెక్కనైతే, ఎంత టేకైనా సరే, తినేస్తాయి. పైసలు మిగుల్చుకోవాలని ఆ లేత చెక్క కలిపి చేసిన కిటికీ పదేళ్లకే పోవచ్చు, చేవ కర్రతో చేసింది మనవల కాలానికీ ఉండొచ్చు. పుచ్చిందో లేదో తెలుసుకోవడానికి మా వడ్రంగి చేసే పని చాలా చిన్నది. రెక్క అడుగు కమ్మీ, నిలువు కమ్మీ కలిసే మూల దగ్గర స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడుస్తాడు. వాన నీళ్లు నిలిచేది అక్కడే కాబట్టి పుచ్చడం అక్కడే మొదలవుతుంది. మొన దిగకపోతే ఆ రెక్కకు కావలసింది రంగు మాత్రమే. మెత్తగా అరంగుళం దిగిందంటే ఆ కమ్మీ ఒక్కటి కోసేసి కొత్త ముక్క అతుకుతాడు. ఒక్క కమ్మీ కోసం కిటికీ మొత్తం, దానికోసం గోడ పగలగొట్టడం దేనికి?

మా అక్క వాళ్లింటికి 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు వరద వచ్చింది. రోజుల తరబడి నీళ్లలో నాని కిటికీ రెక్కలు ఉబ్బిపోయాయి, ఒక్కటీ మూతపడలేదు. చూడ్డానికొచ్చిన ప్రతివాళ్లూ "ఇంక ఇవి పనికిరావక్కా" అన్నారు. రెండో వారంలోనే పీకించి పాత సామాన్ల బండికి వేసేసింది. ఆ పక్కింటివాళ్లకు వడ్రంగి చెప్పిన మాట వేరు. "ఇప్పుడు చిత్రిక పట్టించకండమ్మా. తడి మీద చిత్రిక పడితే వేసవిలో సందులు పడతాయి. రెక్కలు ఊడదీసి నీడలో ఆరబెట్టండి, పండగయ్యాక చూద్దాం" అన్నాడట. సంక్రాంతి నాటికి అవే టేకు రెక్కలు ఆరి దిగిపోయాయి. రెండు బందులు మార్చి, ఒక రెక్కకు కాస్త చిత్రిక పట్టాడు, అంతే. మా అక్క ఇప్పటికీ ఆ దారిన పోతూ వాళ్ల కిటికీల వంక చూస్తుంది. నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఇక రెండోది. నిజంగా నష్టం చేసేది ఇదే. "ఒక్క కిటికీలో చెదలు కనబడితే అన్నీ మార్చండి, చెదల బెడద శాశ్వతంగా పోతుంది."

పోదు. చెదలు కిటికీలో పుట్టవు. మన ఇళ్లలో పట్టే చెద నేలలోంచి వస్తుంది, దాని పుట్ట మట్టిలో ఉంటుంది. దానికి తడి కావాలి, వెలుతురూ పొడిగాలీ తగిలితే బతకదు. అందుకే మట్టితో సన్నటి సొరంగం కట్టుకుంటూ గోడ వెంట పైకి పాకుతుంది. కిటికీ పక్కన కనబడే ఆ మట్టి గీతను గోటితో గీకి చూడండి. తాజాదైతే లోపల తెల్లటి పురుగులు బిలబిలమంటూ ఉంటాయి. ఆ గీత పట్టుకుని కిందికి చూస్తూ వస్తే గోడా గచ్చూ కలిసే చోటో, కారుతున్న పైపు దగ్గరో, గోడకు ఆనించి పెట్టిన పూలకుండీల వెనకో తేలుతుంది. రోగం అక్కడుంది, మీరు కిటికీ పీకుతున్నారు!

మా ఎదురింటివాళ్లు సరిగ్గా ఇదే చేశారు. ఒక గదిలో మట్టి గీత కనబడగానే ఆరు చెక్క కిటికీలూ తీయించి యూపీవీసీ పెట్టించారు. ఇంక చెక్కే లేదు కదా అని నేలకు మందు కొట్టించడం మానుకున్నారు. చెద ప్లాస్టిక్‌ను తినదు, నిజమే. పక్కనుంచి దారి చేసుకుని గోడ బీరువాలోకి పోయింది. ఆరు నెలలు గడిచాక ఆవిడ పెళ్లికని పట్టుచీర తీయబోతే కింది అర అట్టపెట్టెతో సహా చేతికొచ్చింది. చీర మడతల్లో మట్టి. పిల్లల సర్టిఫికెట్ల ఫైలు ఒక అంచున జల్లెడైపోయింది. ఆ మెసేజ్ రాసినవాళ్లు వచ్చి ఆ ఫైలు చూడాలి.

చేయాల్సిన పని ఏళ్లనాడే రాసిపెట్టి ఉంది. కట్టేసిన ఇళ్లలో చెదల నివారణ ఎలాగో చెప్పడానికి భారత ప్రమాణాల్లో ఐఎస్ 6313 మూడో భాగం ఉంది. గోడా గచ్చూ కలిసే చోట అడుగుకొకటి చొప్పున 12 మిల్లీమీటర్ల రంధ్రాలు వేసి, కింది మట్టిని తాకేలా మందు పోసి, పైన సిమెంటుతో మూస్తారు. తడి ఎక్కడినుంచి వస్తోందో అది ఆపాలి. మెట్ల కింద దాచిన పాత చెక్కలు బయట పడేయాలి. ఇవన్నీ అయ్యాక కిటికీ వైపు తిరిగి, తిన్నంత మేర కోసి అతికించండి. మందు పని కిటికీల ఖర్చులో పిసరంత. దాంతో చీరలు, పుస్తకాలు, తలుపులు అన్నీ దక్కుతాయి.

ఇంకో మాట. మట్టి కాకుండా సన్నటి పిండిలాంటి పొడి రాలుతోందంటే అది చెద కాదు, పుచ్చు పురుగు. గుండుసూది మొన పట్టేంత రంధ్రాలుంటాయి. సిరంజితో వాటిలోకి మందు ఎక్కించి లప్పం పెడతారు. దానికి నేల తవ్వక్కర్లేదు. మెసేజ్ రాసినవాళ్లకు ఈ రెంటికీ తేడా తెలిస్తే కదా!

బిల్లు సగం సంగతి. రెండు గాజుల మధ్య గాలి పొర ఉంటే బయటి గాలి వేడి గాజు గుండా లోపలికి రావడం దాదాపు సగానికి తగ్గుతుంది. అంతవరకు నిజం. ఆ సగాన్ని తెచ్చి బిల్లుకు అంటించారు. బెజవాడ మే నెలలో మనల్ని కాల్చేది గాజు మీద నేరుగా పడే ఎండ. మామూలు ఒంటి గాజు ఆ ఎండ వేడిలో నూటికి 80కి పైగా లోపలికి వదిలితే, మామూలు డబుల్ గ్లాస్ 70కి పైగా వదులుతుంది. పైగా మేడ మీది గదికి వేడి దిగేది ముఖ్యంగా శ్లాబులోంచి. కిటికీ గాజు దాన్నెలా ఆపుతుంది? ఎండను గాజుకు బయటే ఆపాలి. సన్‌షేడ్ ముందుకు పొడిగించండి, పడమటి వైపు వెదురు తడిక దించండి. మా మామగారు రోహిణీ కార్తెలో వట్టివేళ్ల తడికలు కట్టించి మధ్యాహ్నం నీళ్లు చల్లించేవారు. లోపల వేసే కర్టెన్ ఎండ లోపలికొచ్చాక అడ్డుపడుతుంది, అందుకే దానివల్ల ఫలితం తక్కువ.

మెయింటెనెన్స్ లేదంటారా? స్లైడింగ్ కిటికీకి రోలర్లు అరుగుతాయి, రబ్బరు పట్టీ గట్టిపడుతుంది, ట్రాకులోని నీటి రంధ్రాలు దుమ్ముతో పూడితే వాన నీళ్లు హాల్లోకి వస్తాయి. రెండు పలకల స్లైడింగ్ ఎంత లాగినా సగమే తెరుచుకుంటుంది. కరెంటు పోయిన రాత్రి ఆ మిగతా సగం విలువ తెలుస్తుంది.

ఇల్లు అమ్ముడుపోదన్న దానికి జవాబు అక్కర్లేదు. మన ఊళ్లో కొనేవాళ్లు అడిగేది స్థలం ఎన్ని గజాలని.

యూపీవీసీ మీద నాకు పగేమీ లేదు. మా తొమ్మిదో కిటికీ బాత్రూములోది, రోజూ తడిసి పుచ్చిపోతే నేనే తీయించి యూపీవీసీ పెట్టించాను. అక్కడ అదే సరైనది. ఏలూరు రోడ్డు మీద బస్సుల మోతలో ఉండేవాళ్లు రబ్బరు పట్టీతో బిగుతుగా మూసుకునే కిటికీ, మధ్యలో ప్లాస్టిక్ పొర పెట్టి అతికించిన లామినేటెడ్ గాజు పెట్టించుకుంటే రాత్రిళ్లు నిద్రపడుతుంది. చట్రమే సగానికి పైగా పుచ్చిపోతే ఏ వడ్రంగీ చేయగలిగింది లేదు, మార్చాల్సిందే.

ఒక్క విషయంలో మాత్రం ఆ మెసేజ్ చెప్పింది నిజం, నేనే ఇన్నాళ్లూ పట్టించుకోలేదు. పాత రంగుల్లో విషముందన్న మాట. మన దేశంలో ఇళ్లకు వేసే రంగుల్లో సీసం పది లక్షల భాగాల్లో 90కి మించకూడదన్న నిబంధన 2017 నవంబరు 1 నుంచే అమల్లోకి వచ్చింది. అంటే మా కిటికీల మీద పొరలు పొరలుగా ఉన్న ఆకుపచ్చ ఎనామిల్‌లో సీసం ఉండే ఉండొచ్చు. ఆ పొడి చిన్నపిల్లల ఒంట్లోకి పోతే మెదడు ఎదుగుదలకే దెబ్బ. కానీ విషముందని చెప్పి ఆ కిటికీని గునపంతో పొడిచి పీకమంటే ఎలా? ఆ పెళ్లలన్నీ ఇల్లంతా రాలవా?

అందుకే మేం ఈసారి రంగు పని వేరుగా చేయించాం. మంటతో కాల్చి ఊడదీస్తానంటే వద్దన్నాను, సీసం పొగై ముక్కులోకి పోతుంది. పొడిగా సాండ్‌పేపర్ కూడా పట్టనివ్వలేదు. రెక్కలు ఊడదీసి పెరట్లో ప్లాస్టిక్ పట్టా మీద పెట్టి, నీళ్లు చల్లుకుంటూ తడి సాండ్‌పేపర్‌తో రుద్దించాను. రాలినదాన్ని చీపురుతో ఊడ్చకుండా తడిబట్టతో ఎత్తి సంచిలో మూట కట్టించాను. మనవడు వాళ్లమ్మమ్మగారింటికి గుంటూరు వెళ్లిన మూడు రోజులూ చూసుకుని ఈ పని పెట్టుకున్నాం. వాడు తిరిగొచ్చేసరికి కిటికీలు ప్రైమర్ మీద ఉన్నాయి.