ఖాళీ అయిన పాత ఆఫీసుల తాళాలు ఎవరి చేతిలో ఉండాలి?

తెలంగాణలో 2016లో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33కు చేరాయి. కొత్త జిల్లాలతో పాటు కొత్త కలెక్టరేట్లు వచ్చాయి. చాలాచోట్ల వాటిని ఊరి బయట, బైపాస్ దగ్గర, విశాలమైన స్థలాల్లో కట్టారు. అన్ని శాఖలూ ఒకేచోట దొరకడం జనానికి మేలే. దాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. అయితే ఆ శాఖలు ఖాళీ చేసిన పాత భవనాల సంగతేమిటన్న ప్రశ్న మాత్రం ఎవరి ఫైల్లోనూ కనిపించదు. ఆర్డీవో ఆఫీసులు, ట్రావెలర్స్ బంగళాలు, పాత మున్సిపల్ ఆఫీసులు, నీటిపారుదల శాఖ క్వార్టర్లు చాలావరకు ఊరి నడిబొడ్డునే ఉంటాయి. వాటికి తాళం పడితే ఆ భవనంతోనే నష్టం ఆగిపోదు. సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణికి వచ్చే జనాన్ని నమ్ముకున్న టిఫిన్ సెంటర్లు, జిరాక్స్ షాపులు, స్టాంపు వెండర్లు, దస్తావేజు లేఖరులు అందరూ దెబ్బతింటారు. కొందరు కొత్త కలెక్టరేట్ గేటు ముందు డబ్బా పెట్టుకుంటారు. మిగిలినవాళ్ల గిరాకీ అక్కడితో సరి. మూతబడ్డ సినిమా హాళ్లు, సహకార గోదాములు, మిల్లులు కూడా లెక్కవేస్తే మన పట్టణాల మధ్యలో ఎంత చోటు ఊరికే పడి ఉందో తెలుస్తుంది.

అదే పట్టణంలో చోటు దొరకనివాళ్లు ఎవరో చూడండి. జిల్లా గ్రంథాలయానికి ఏ పొద్దున వెళ్లినా గ్రూప్స్‌కీ, డీఎస్సీకీ, కానిస్టేబుల్ పరీక్షకీ చదివే పిల్లలు చెట్ల కింద, మెట్ల మీద కూర్చుని ఉంటారు. సొంత కుర్చీ తెచ్చుకునేవాళ్లూ ఉన్నారు. లోపల చోటు దొరకనివాళ్లు నెలకింత అని కట్టి ప్రైవేట్ రీడింగ్ రూముకు వెళ్తారు. మనం కట్టే ఆస్తి పన్నుకు తోడు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది. ఆ డబ్బును మున్సిపాలిటీలు గ్రంథాలయ సంస్థకు సరిగ్గా జమచేయకపోవడం రెండు రాష్ట్రాల్లోనూ పాత కథే. పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా కింద ఉన్న మహిళా సంఘాలదీ ఇలాంటి ఇబ్బందే. అప్పు దొరుకుతుంది, కుట్టుపని వస్తుంది, పచ్చళ్లకు ఆర్డర్లు కూడా వస్తాయి. పది మిషన్లు పెట్టుకోవడానికి గాలీ వెలుతురూ ఉన్న గది మాత్రం అందుబాటు అద్దెకు దొరకదు. ఒకరి ఇంటి వరండాలో ఎంతకాలం నడుపుతారు?

తాళం వేసిన భవనం ఉన్నట్టే ఉండిపోదు. కప్పు మీద నీరు పోయే తూము ఆకులతో మూసుకుపోతుంది. నిలిచిన నీరు గోడలోకి దిగుతుంది, పగులులో రావి మొక్క మొలుస్తుంది. రెండు మూడు వానాకాలాలు గడిచేసరికి తలుపులూ కిటికీలూ ఎవరో పట్టుకుపోతారు. ఆ తర్వాత ఇంజనీర్లు వచ్చి ‘శిథిలావస్థ’ అని రాస్తారు. ఆ ఒక్క మాటతో కూల్చివేతకు దారి పడుతుంది. నిజానికి డంగు సున్నంతో కట్టిన గోడలకు చాలా ఓపిక ఉంటుంది. వాటి మీద సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి రాలేక గోడ పాడవుతుంది, మళ్లీ సున్నంతోనే పూస్తే నిలబడుతుంది. తూము శుభ్రం చేయడానికి అయ్యే ఖర్చు ఎంత? ఆ పనికి ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి ఉండాలంటే లోపల ఎవరో ఒకరు పనిచేస్తూ ఉండాలి.

హైదరాబాద్ మొజంజాహీ మార్కెట్ నాకు ముఖ్యంగా అనిపించేది ఇందుకే. ఏడో నిజాం కాలంలో 1935లో కట్టిన ఈ రాతి మార్కెట్‌కు ఆయన రెండో కొడుకు మొజంజా పేరు పెట్టారు. కాలక్రమంలో రేకులు, బోర్డులు, వైర్లు, పార్కింగు కలిసి దాన్ని కప్పేశాయి. 2018లో మరమ్మతులు మొదలుపెట్టి, 2020 ఆగస్టు 14న మళ్లీ ప్రారంభించారు. మార్కెట్ మధ్యలోని ఖాళీ స్థలం నుంచి వాహనాలను తీసేయడంతో సాయంత్రాలు కుటుంబాలు వచ్చి కూర్చుంటున్నాయి. మెచ్చుకోలంతా ఆ రాళ్ల మెరుపుకూ గడియారపు స్తంభానికీ దక్కింది. నా దృష్టిలో అసలు విషయం వేరే ఉంది. ఆ మార్కెట్ పూర్తిగా ఖాళీ ఎన్నడూ కాలేదు. ఐస్‌క్రీమ్ షాపులవాళ్లు, పళ్లవాళ్లు, అత్తరువాళ్లు అక్కడే ఉన్నారు. బాగుచేశాక వాళ్లను పంపించేసి పెద్ద బ్రాండ్లకు ఇవ్వలేదు. భవనం మళ్లీ పాడవకుండా కనిపెట్టుకునే జనం లోపలే ఉన్నారు.

ఎవరూ మిగలకపోతే ఏమవుతుందో వరంగల్‌లో చూశాం. 1934లో మొదలైన ఆజంజాహీ మిల్లు వేలమందికి అన్నం పెట్టింది. మూతబడ్డాక యంత్రాలు వెళ్లిపోయాయి, చాలా స్థలం ప్లాట్లయి అమ్ముడుపోయింది. ఒక్క నేత షెడ్డునైనా చిన్న పరిశ్రమలకు, కార్మికుల పిల్లల చదువుకు ఉంచుకుని ఉంటే ఆ ఊరికి ఎంత ఆసరాగా ఉండేదో!

స్కాట్లాండ్‌లో డంఫ్రీస్ అనే పట్టణం ఉంది. కవి రాబర్ట్ బర్న్స్ చివరి రోజులు గడిపిన ఊరు. వ్యాపారం ఊరి బయటి పెద్ద దుకాణాలకూ ఆన్‌లైన్‌కూ పోవడంతో అక్కడి ప్రధాన వీధిలో షాపులు వరసగా మూతబడ్డాయి. చాలా భవనాల యజమానులు ఎక్కడో ఉండే పెట్టుబడి సంస్థలు. స్థానికులే ‘మిడ్‌స్టీపుల్ క్వార్టర్’ పేరుతో సంఘం పెట్టుకుని, పాత భవనాలను ఒక్కొక్కటిగా తమ చేతికి తెచ్చుకోవడం మొదలుపెట్టారు. కింద చిన్న వ్యాపారాలకూ సమావేశాలకూ చోటు, పైన నివాసాలు. ఇది వాళ్ల ఆలోచన. దీనికి చట్టం దన్ను ఉంది. స్కాట్లాండ్‌లో 2015లో చేసిన కమ్యూనిటీ సాధికారత చట్టం ప్రకారం, ప్రభుత్వ సంస్థ చేతిలోని భవనాన్ని తమకు అమ్మమనో లీజుకు ఇమ్మనో స్థానిక సంఘం అడగవచ్చు. సరైన కారణం ఉంటే తప్ప ఆ సంస్థ కాదనకూడదు. కాదంటే ఎందుకో రాసివ్వాలి, దానిపై అప్పీలూ చేసుకోవచ్చు.

మన దగ్గర ఇది తలకిందులుగా ఉంది. అడిగేవాళ్లే తమ అర్హతను టేబుల్ టేబుల్‌కూ తిరిగి నిరూపించుకోవాలి. అసలు భవనం రెవెన్యూదా, ఆర్ అండ్ బీదా, మున్సిపాలిటీదా అన్నది తేలడానికే ఏళ్లు పడుతుంది. తేలితే వేలం పాట పెడతారు, ఎక్కువ పాడినవాళ్లకు ఇస్తారు. పారదర్శకతకు వేలం మంచిదే, ఒప్పుకుంటాను. కానీ వైన్ షాపుతోనూ మొబైల్ షోరూంతోనూ పోటీపడి పాట పాడగల మహిళా సంఘం ఏ ఊళ్లో ఉంది?

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది న్యాయమైనదే. ఎమ్మెల్యే నిధులతో, ఎంపీ నిధులతో కట్టిన కమ్యూనిటీ హాళ్లు ఎన్నో తాళాలు వేసి ఉన్నాయి. తాళం చెవి స్థానిక నాయకుడి ఇంట్లో ఉంటుంది. పాత భవనాలకూ అదే గతి పట్టదా అని అడుగుతారు. ఆ హాళ్లు పెళ్లికో మీటింగుకో తప్ప తెరవాల్సిన పని లేనివి. రోజూ పొద్దున షట్టర్ ఎత్తి పని మొదలుపెట్టే అద్దెదారు వాటిలో లేరు, కరెంటు బిల్లు కట్టడానికి ఆదాయం కూడా లేదు. అందుకే ఏ పాత భవనాన్నీ పూర్తిగా ‘సామాజిక అవసరాలకు’ అని రాసివ్వకూడదంటాను. రోడ్డువైపు గదులను వేలంలోనే పూర్తి అద్దెకు ఇవ్వండి. ఆ డబ్బుతో వాచ్‌మన్ జీతం, కరెంటు, కప్పు మరమ్మతు గడుస్తాయి. లోపలి గదులు సంఘాలకూ కొత్తగా పని మొదలుపెట్టే కుర్రాళ్లకూ తక్కువ అద్దెకు, పెద్ద హాలు చదువుకునే పిల్లలకు ఉచితంగా ఇవ్వండి. లోపలి గదులకు లీజు కనీసం 10 ఏళ్లు ఉండాలి. 11 నెలల అగ్రిమెంట్‌ను నమ్మి ఎవరూ మిషన్లు కొనరు, బ్యాంకు కూడా అప్పివ్వదు. నిర్వహణ కమిటీలో అద్దెదారులకు సగం సీట్లు ఇచ్చి, నెలనెలా జమాఖర్చు గేటు దగ్గర గోడ మీద అంటించాలి. నాయకుడు మారినా తాళం చెవి మారకుండా ఉండటానికి నాకు ఇంతకన్నా మంచి దారి కనిపించడం లేదు.

కోట్ల రూపాయల డీపీఆర్ (సమగ్ర ప్రాజెక్టు నివేదిక) కోసం ఎదురుచూడాల్సిన పని కూడా లేదు. ముందు కప్పు, మరుగుదొడ్లు, వైరింగ్. ఈ మూడూ సరిచేసి రెండు గదులు తెరిస్తే చాలు, మూడో గదికి ఏం కావాలో వాడేవాళ్లే చెబుతారు. ఫైర్ అనుమతి, భవనం పటిష్ఠతపై నివేదిక మాత్రం మొదటి రోజుకే చేతిలో ఉండాలి. పిల్లలు కూర్చునే చోట రాజీ కుదరదు.

ఇప్పుడు మూసీ ఒడ్డున రాష్ట్రంలోకెల్లా పెద్ద పరీక్ష ముందుంది. వాన నీళ్లు వార్డుల్లోకి రావడంతో 2020 జులైలో ఉస్మానియా ఆసుపత్రి పాత భవనాన్ని ఖాళీ చేశారు. గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగింది. నదికి అవతల 1920 నుంచి ఉన్న హైకోర్టు కోసం రాజేంద్రనగర్‌లో కొత్త భవనానికి 2024 మార్చి 27న శంకుస్థాపన చేశారు. అంటే ఎదురెదురుగా ఉన్న రెండు మహా భవనాల భవిష్యత్తు కొద్దికాలంలోనే తేల్చాలి. రెండింటినీ మ్యూజియం చేసేద్దామనడం తేలిక, కానీ రోజూ జనం మసలకపోతే అంత పెద్ద కప్పుల బాగోగులు ఎవరు చూస్తారు? ఉస్మానియా పక్కనే రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉంది. ఆసుపత్రి చుట్టూ ఫుట్‌పాత్‌ల మీద పడుకునే రోగుల బంధువులు ఉన్నారు, ఆ వెనకే బేగంబజార్ హమాలీలు, చిన్న వ్యాపారులు ఉన్నారు. పటిష్ఠం చేశాక పాత భవనంలో ఒక వార్డును రీడింగ్ హాలుగా, ఒకదాన్ని రోగుల సహాయకులకు రాత్రి బసగా, ఇంకొకదాన్ని నర్సింగ్ సహాయకుల శిక్షణకు ఇవ్వవచ్చు. ఏ అంతస్తు ఎవరికి, ఎన్నేళ్లకు, నిర్వహణ ఖర్చు ఏ పద్దు నుంచి అన్నది కొత్త ఆసుపత్రి తెరిచే రోజుకు ముందే జీవోగా రావాలి. ఆ తర్వాతకు వాయిదా వేస్తే, ఎవరూ తిరగని వార్డుల్లో మరికొన్ని వానాకాలాల నీరు దిగాక, ఆ భవనం గురించి ‘శిథిలావస్థ’ అన్న నివేదిక మాత్రమే చేతికి వస్తుంది.