పగిలిన ట్యాబ్‌పై విచారణ సంఘం

విశాఖపట్నంలో ఒక ఇంట ట్యాబ్ తెర పగిలితే మొదట జరగవలసింది మరమ్మతు కాదు, విచారణ. ఈ ఆచారాన్ని ఎవరూ ఉల్లంఘించరాదు. చిన్నవాడు, దాన్ని మంచం అంచున పెట్టి మరిచిన తండ్రి, దుప్పటి దులిపిన తల్లి నిందితులు. ఘటనా స్థలంలోనే కూర్చుని ఉన్న ఏకైక సాక్షి మామ్మ మాత్రం "నాను సూడ్నేదు" అని వాంగ్మూలం ఇచ్చి భక్తి చానల్ వైపు తిరిగిపోతుంది. దోషి ఎవరో తేలేసరికి వారం గడుస్తుంది. ఈలోపు పగుళ్లలోంచి ఉప్పుగాలి తేమ లోపలికి చేరి, ఎవరూ ముట్టకుండానే ట్యాబ్ తనంతట తాను యాప్‌లు తెరవడం మొదలుపెడుతుంది. దాన్ని సంఘం 'వైరస్'గా నమోదు చేస్తుంది.

ఇంత పెద్ద సంఘం అడగని ప్రశ్న ఒక్కటే: పగిలింది ఏ పొర?

అసలు అద్దమే పగలకపోయి ఉండవచ్చు. సింహాద్రి అప్పన్న చందనం కింద ఉన్నట్టు మన ట్యాబ్ అద్దం టెంపర్డ్ గార్డు కింద ఉంటుంది, నిజరూప దర్శనం ఏడాదికోసారి కూడా దొరకదు. పగులు గీత గార్డు అంచు దగ్గరే ఆగిపోయిందా, దాటి ఫ్రేము దాకా వెళ్లిందా చూడండి. అంచు దగ్గరే ఆగితే గార్డు తీసి మళ్లీ చూడండి. చాలా కేసులు ఇక్కడే కొట్టివేయబడతాయి. అయినా సంఘం శిక్ష ఖరారు చేసేసి ఉంటుంది కాబట్టి చిన్నవాడి తొడపాశం వెనక్కి తీసుకోవడం కుదరదు.

నిజంగా అద్దమే పగిలితే లక్షణాలు చూడాలి. బొమ్మ శుభ్రంగా ఉండి టచ్ కూడా పనిచేస్తే పోయింది పై అద్దం ఒక్కటే. బొమ్మ బాగుండి ఒక మూలో, ఒక నిలువు పట్టీయో వేలికి పలకకపోతే టచ్ పోయింది. సిరా ఒలికినట్టు నల్లమచ్చ, రంగు గీతలు కనిపిస్తే ఎల్‌సీడీ, అంటే బొమ్మ చూపే పొర పోయింది. శబ్దం వస్తూ తెర నల్లగా ఉంటే చీకటి గదిలో టార్చి ఏటవాలుగా వేయండి. బొమ్మ మసకగా కనబడితే బ్యాక్‌లైట్, అంటే తెర వెనక వెలుగు సమస్య. అప్పుడు కొత్త అద్దం వేయించడం శుద్ధ దండగ. ఇంకొకటి కూడా ఉంది, దీన్ని మాత్రం వేళాకోళం చేయను: తెర ఒక పక్క పైకి లేచి ఉంటే అది పడిపోవడం వల్ల కాకపోవచ్చు, లోపల బ్యాటరీ ఉబ్బి నెట్టుతుండవచ్చు. నొక్కి కూర్చోబెట్టే ప్రయత్నం చేయవద్దు, చార్జింగ్ పెట్టవద్దు.

తరువాతి ఘట్టం డాబాగార్డెన్స్ నుంచి ద్వారకానగర్ దాకా పాదయాత్ర. అక్కడ మీకు 'ఫోల్డర్' అనే మాట వినబడుతుంది. కంగారు పడకండి, కాగితాలు పెట్టుకునే అట్ట కాదు. టచ్, డిస్‌ప్లే ఒకే ముక్కగా అతుక్కుని వచ్చే జతను అలా అంటారు, కాంబో అన్నా అదే. తెరను పక్కకు వంచి చూస్తే బొమ్మ అద్దానికి కాస్త లోతులో ఉన్నట్టు అనిపిస్తే రెండూ వేరు. అద్దం ఒక్కటే మార్చవచ్చు, ఖర్చు తక్కువలో పోతుంది. మామూలు ఐప్యాడ్, చాలా చౌక ట్యాబ్‌లు ఈ కులం. బొమ్మ అద్దం మీదే అచ్చేసినట్టుంటే రెండూ అతికి ఉన్నాయి. ఐప్యాడ్ ఎయిర్ 2, దాని తరువాతి ఎయిర్‌లు, ప్రోలు ఈ కోవలోవి. "ఏటి సార్, గ్లాసొక్కటీ రాదు, ఫోల్డర్ మార్చాలి" అని కొట్టతను అన్నప్పుడు అతను మోసగాడో నిజాయితీపరుడో తేల్చేది ఈ పరీక్షే.

అతికిన తెరకు కూడా అద్దం ఒక్కటే మార్చే విద్య ఉంది, అందులో వాడే పారదర్శకమైన జిగురు పొర పేరు మీద ఓసీఏ అంటారు. వేడి పలక మీద ట్యాబ్ తెర పెట్టి సన్నని తీగతో అద్దాన్ని కోసి, పాత జిగురు తీసి, కొత్త జిగురు పొర వేసి, వాక్యూమ్‌లో అతికి, బుడగలు పోగొట్టాలి. ఫోన్ తెరకు చేయి తిరిగినవాడు కూడా పది అంగుళాల తెర దగ్గర తడబడతాడు, తీగ కాస్త పక్కకు పోతే ఎల్‌సీడీ కథ ముగుస్తుంది. అందుకే "డెడ్ అయితే మాకు సంబంధం లేదు" అనే వాక్యం గోడ మీద దేవుడి పటం పక్కనే ఉంటుంది. పని ఒప్పుకునే ముందు అడగవలసినవి అడగండి: గ్లాసా ఫోల్డరా, ఒరిజినలా కాపీనా, వారంటీ టచ్‌కా డిస్‌ప్లేకా, పాత పార్టు చేతికిస్తారా. మోడల్ నంబరు వెనక అట్ట మీద చూసి చెప్పండి. పేరు ఒకటే అయినా సిమ్ ఉన్నదానికీ వైఫై దానికీ పార్టు తేడా ఉండవచ్చు. ఊరూ పేరూ లేని ట్యాబ్ అయితే టచ్ ఫ్లెక్స్ (అద్దం నుంచి లోపలికి వెళ్లే రిబ్బన్ లాంటి పలుచని పట్టీ) మీద అచ్చేసిన నంబరే దాని ఆధార్ కార్డు. హోమ్ బటన్‌తో వేలిముద్ర తీసుకునే ఐప్యాడ్ అయితే పాత బటన్‌నే కొత్త అద్దానికి మార్చాలి, వేరే బటన్ వేస్తే వేలిముద్ర పనిచేయదు.

ఇంట్లో ఈపాటికి రెండు పార్టీలు ఏర్పడి ఉంటాయి. టేపు పార్టీ వాదన తేలిగ్గా తీసిపారేయదగింది కాదు. పారదర్శకమైన వెడల్పు టేపు మీదుగా కూడా టచ్ పలుకుతుంది, గాజు పెంకు వేలికి గుచ్చుకోదు. బీచ్ రోడ్డుకు, నీళ్ల చేతులకు దూరంగా ఉంచితే నెలలు గడుస్తాయి. కొత్తది కొనాలనే పార్టీ వారంటీ కార్డు వెతుకుతుంది. కిందపడి పగిలినదానికి మామూలు వారంటీ వర్తించదు, ఆ కార్డులో ఆ ఒక్క వాక్యమే చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఎక్స్‌ఛేంజ్‌లో పగిలిన తెరకు వచ్చే ధర వింటే పాతసామాన్ల బండివాడు దానకర్ణుడిలా కనిపిస్తాడు. కేంద్రం 2022 డిసెంబరులో 'రైట్ టు రిపేర్' పోర్టల్ కూడా తెరిచింది, పేరును బట్టి రిపేరు మన హక్కు. పార్టు దొరకడం మాత్రం మన అదృష్టం.

తేల్చవలసింది ఇదీ: ఖర్చు అలాంటి కొత్త ట్యాబ్ ధరలో మూడో వంతు లోపుంటే చేయించండి. సగం దాటితే ఆగండి. సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయి, బ్యాటరీ మధ్యాహ్నానికే చేతులెత్తేసే 2 జీబీ ర్యామ్ ట్యాబ్‌కు ఫోల్డర్ వేయించడం వృథా. ఏ దారి పట్టినా ముందు ఫొటోలు దాచుకోండి. టచ్ పోయి బొమ్మ వస్తుంటే ఓటీజీ అనే చిన్న కేబుల్‌తో యూఎస్‌బీ మౌస్ తగిలిస్తే పని జరుగుతుంది.

ఇక యూట్యూబ్ చూసి మనమే చేసుకుందాం అనే మూడో పార్టీ. దీనికి ఒక బావమరిది నాయకత్వం వహిస్తాడు. అతనికి చెప్పవలసినవి: సిమ్, మెమరీ కార్డు ట్రేలు ముందే తీయాలి. పగిలిన అద్దం నిండా టేపు వేస్తేనే పెంకులు రాలవు, సక్షన్ కప్పు పట్టు నిలుస్తుంది. అంచులు 70-80 డిగ్రీల దాకా వేడి చేసి, పలుచని ప్లాస్టిక్ పిక్‌ను మూడు నాలుగు మిల్లీమీటర్లే దూర్చాలి, లోతుగా పొడిస్తే ఫ్లెక్స్ తెగుతుంది. హీట్‌గన్ ఒకేచోట ఆపితే ఎల్‌సీడీ మీద పసుపు మరక శాశ్వతం. లోపలికి వెళ్లాక మొట్టమొదట బ్యాటరీ కనెక్టర్ తీయాలి. అది ఉండగానే డిస్‌ప్లే కనెక్టర్ పీకితే బ్యాక్‌లైట్ ఫ్యూజు ఎగిరిపోవచ్చు, అప్పుడు కొత్త ఫోల్డర్ వేసినా చీకటే. ధూళి పడకుండా ఫ్యాన్ ఆపాలి. మే నెల విశాఖలో ఫ్యాన్ ఆపి ఎల్‌సీడీ మీదకు వంగిన మనిషి నుదుటి చెమట ఎక్కడ పడుతుందో విడిగా చెప్పనక్కర్లేదు. పని తెల్లవారుజామున పెట్టుకోండి.

ఫ్రేము మూల నొక్కుకుపోయి ఉంటే సరిచేశాకే అద్దం పెట్టాలి, లేకపోతే కొత్తది వారంలోనే అదే మూల నుంచి పగులుతుంది. తిరగబడి వచ్చే కేసులకు ఇదీ ఒక కారణం, తప్పు ప్రతిసారీ పార్టుది కాదు. అతికే ముందే కనెక్టర్లు తగిలించి, ఆండ్రాయిడ్ ట్యాబ్ అయితే సెట్టింగ్స్‌లోని డెవలపర్ ఆప్షన్స్‌లో వేలి జాడ గీసి చూపే పాయింటర్ లొకేషన్ పెట్టి, తెరంతా వేలితో దున్నినట్టు గీసి చూడాలి. చార్జర్ పెట్టి మరోసారి గీయాలి, చౌక చార్జర్ వల్ల దెయ్యం టచ్ (ఎవరూ ముట్టకుండానే తెర పలకడం) పట్టేది అప్పుడే. ఫెవిక్విక్ వద్దు, దాని ఆవిరి లోపల తెల్లపొరలా పడుతుంది, మళ్లీ తెరవాలంటే గునపం కావాలి. బీ-7000 జిగురు సన్నని దారంలా అంచు చుట్టూ పెట్టి, 24 గంటలు కదపకుండా ఉంచాలి. పైన సమానమైన బరువు కావాలి. అందుకు చిన్నవాడి ఐఐటీ ఫౌండేషన్ మెటీరియల్ భేషుగ్గా సరిపోతుంది. రెండు పుస్తకాలే పెట్టండి. మొత్తం సెట్టు పెడితే ఎల్‌సీడీ తట్టుకోలేదు, తెల్లమచ్చ పడుతుంది.