బోరు బండి ఫీట్ల రేటు గారికి

మహారాజశ్రీ ఫీట్ల రేటు గారికి నల్లగొండ జిల్లా నుంచి దండాలు.

నిన్న మునుగోడు దిక్కు తమరు 800 ఫీట్లు దిగి, దుమ్ము తప్ప చుక్క చూపకుండా బిల్లు వసూలు చేసుకొని వెళ్లారు. ‘నాలుగు వందల ఫీట్లల్ల నీళ్లు పడకుంటే ఆపేద్దాం’ అన్న పొద్దటి మాట పగటేళకు ఆ దుమ్ములోనే కలిసింది.

తమరి రేట్ల పట్టీ చూస్తే ముచ్చటేస్తది. మొదటి 300 ఫీట్లకు ఒక ధర, అక్కడి నుంచి వంద దాటినప్పుడల్లా ఇంకో మెట్టు. కారణం లేకపోలేదు. లోతుకు పోతే కంప్రెసర్ డీజిల్ ఎక్కువ తాగుతది, 20 ఫీట్ల రాడ్లు ఒక్కొక్కటే దించి మళ్లీ అన్నీ ఎత్తాలె. ఒప్పుకుంటం. కానీ మన గ్రానైటు నేలల నీళ్లుండేది పైన మొరంల, దాని కింది పగుళ్లల. ఆ పగుళ్లు చాలామటుకు 300 ఫీట్ల లోపే. కిందికి పోయినకొద్దీ బండ బిగుస్తది, ఆశ తగ్గుతది, తమరి ధర మాత్రం పెరుగుతది! ఈ లెక్క కట్టిన చేతికి మొక్కాలె.

డ్రిల్లర్‌కు తెల్వదా? పొడి తుప్పు రంగుల వచ్చినా, తడిసి ముద్దలైనా, బండల గ్యాప్ తగిలి, రాడ్ల కొసకు బండను కొట్టే హ్యామర్ ఒక్కసారి జారినా ఆశ ఉన్నట్టు. నాలుగైదు రాడ్లు వరుసగా తెల్ల పొడే పొగలాగ లేస్తే కింద నిండు బండ. అప్పుడు ‘ఇగ ఆపుదామన్నా’ అనాలె. అట్లన్నడనుకో, లాభమున్న ఫీట్లన్నీ పోయె. బండి కిస్తీ ఆగదాయె. ఫీటుకింత కమీషన్ తినే ఏజెంటు మళ్లీ ఆ బండిని పిలవడు. రైతు కూడా ‘ఇంకో వంద కొట్టు’ అంటడు, కాదంటే పక్క బండిని తెస్తడు. నిజం చెప్పినోడికి జుర్మానా, నోరు మూసుకున్నోడికి ఇనామా? ఇదేం పద్ధతి నీది?

పై 300 ఫీట్లల్లనే నీ లాభం కలుపుకో. కిందికి పోతే డీజిల్, కూలి ఖర్చే తీసుకో. అప్పుడు ఆపమనడానికి ఎవని నోరు రాదో చూద్దాం.

కొబ్బరికాయతో పాయింటు పెట్టెటోళ్ల సంగతి, 6 కేజీల ఒత్తిడికి ఆగే కేసింగ్ పైపు అని రాసి 4 కేజీలది దించే సంగతి ఇప్పుడెత్తను. ఎంత లోతుకు పోతే అంత మంచి నీళ్లని మాత్రం చెప్పకు. బండల ఎక్కువ కాలం నిలిచిన నీళ్లల్ల ఫ్లోరైడ్ ఎక్కుతది. తాగే నీళ్లల్ల లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దు. పటిక, సున్నం వేసి దాన్ని తీసే పద్ధతికి మా జిల్లా పేరే పెట్టిన్రు, ఆ ఘనత చాలు మాకు.

ఇంకొకటి. పనికిరాని బోరును అడుగు నుంచి మట్టి, ఇసుక, రాళ్లతో నేల మట్టం దాకా పూడ్చాలని 2010లనే సుప్రీంకోర్టు చెప్పింది. నీ పట్టీల దిగడానికి ఫీటుకింత ఉంది, పూడ్చడానికి ఒక్క వరుస లేదు. అందుకే గోనెసంచి కప్పి, మీద రాయి పెట్టి పోతున్నరు. పిల్లలు తిరిగే చెలకలవి. ముందు ఆ వరుస రాయి, తర్వాతే ఇంకో బోరు సంగతి మాట్లాడు.