మేస్త్రీ పోయాడు, మట్టి మిగిలింది

నల్లగొండలో మా పాత ఇంటి వెనక గదులు కూలగొట్టి కొత్తవి కట్టించుకున్నాం. పని పూర్తిగా ముగియకముందే గుత్తకు తీసుకున్న మేస్త్రీ ఫోన్ ఎత్తడం మానేశాడు. చెత్తమట్టి ఆరు ట్రిప్పులు తోలిన ట్రాక్టరాయనకు ఒక్క ట్రిప్పు కిరాయి కూడా ముట్టలేదని ఏడో ట్రిప్పు నింపాక తెలిసింది. ఆయన ట్రాలీ లేపి, ఇటుక పెళ్లలూ పలిగిన టైల్సూ అన్నీ మా గేటు ముందే గుమ్మరించి వెళ్లిపోయాడు.

మొదట నాకు కోపం వచ్చింది ఆయన మీదే. మేస్త్రీకి మేం పైసలిచ్చాం, ఇక మాకేం సంబంధం అనుకున్నా. కిరాయి వరకు ఆ మాట నిలబడుతుంది. ట్రాక్టర్ మాట్లాడుకున్నది మేస్త్రీ కాబట్టి బాకీ ఆయనదే. కుప్ప విషయంలో మాత్రం నిలబడదు. నిర్మాణ, కూల్చివేత వ్యర్థాలపై కేంద్రం 2016లో తెచ్చిన నిబంధనలు బాధ్యతను వ్యర్థాలు పుట్టించినవారి మీదే పెట్టాయి. వాటిని ఇంటి ఆవరణలోనే ఉంచుకోవాలి, లేదా స్థానిక సంస్థ చూపిన చోట వేయాలి. దారికీ మోరీకీ అడ్డం పడకూడదు. మా గేటు ముందు కుప్ప మోరీని సగం మూసేసింది. ఒక్క వానకే పక్కింటివాళ్ల వాకిట్లోకి మురుగు వచ్చింది. వాళ్లకు జవాబు చెప్పాల్సింది నేనే, ఊరొదిలిన మేస్త్రీ కాదు.

అసలు తప్పు ఒప్పందంలోనే ఉంది. బేస్‌మెంట్‌కు ఇంత, స్లాబ్‌కు ఇంత, ప్లాస్టరింగ్‌కు ఇంత అని విడతలు రాసుకుంటాం. కూలగొట్టిన మట్టి ఎవరు ఎత్తాలి, కిరాయి ఎవరివ్వాలి అన్నది మాత్రం ఆ కాగితంలో ఉండదు. మేమూ రాయలేదు. ఆఖరి విడత చేతిలో ఉండగా 'ట్రాక్టర్‌కు ముట్టిందా?' అని ఒక్క ఫోన్ చేసి ఉంటే ఆయన కడుపు కొట్టినట్టు అయ్యేది కాదు. నన్ను ఇప్పటికీ బాధించేది అదే. డీజిల్ ఆయన సొంత పైసలతో పోయించుకున్నాడు, కూలీలకు ఏ రోజు కూలి ఆ రోజు ఇచ్చాడు.

మాలాంటి ఇంటి యజమానికి వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇళ్ల నిర్మాణాన్ని కూడా సేవగానే చూస్తుంది. రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి, మనం చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపైతే రుసుము లేదు. ట్రాక్టరాయన సేవ చేసినవాడే గానీ కొన్నవాడు కాదు, అందుకే ఆయనకు ఆ దారి లేదు. ఆయన బాకీకి జిల్లా న్యాయసేవాధికార సంస్థ నడిపే లోక్ అదాలత్ నయం. కేసు వేయకముందే అక్కడ దరఖాస్తు పెట్టొచ్చు, రుసుము ఉండదు. రాజీ కుదిరితే అక్కడిచ్చే అవార్డు, అంటే తీర్పు, సివిల్ కోర్టు డిక్రీతో సమానం. కుదరాలంటే మేస్త్రీ రావాలి, చిక్కంతా అక్కడే.

మున్సిపాలిటీల బాధ్యత కూడా అడగాలి. ఈ వ్యర్థాల కోసం డబ్బాలు పెట్టి, నిండగానే ఎత్తించాలని 2016 నిబంధనలే స్థానిక సంస్థలకు చెప్పాయి. వాటి స్థానంలో 2025లో ప్రకటించిన కొత్త నిబంధనల్లో నిర్మాతలపై పెట్టిన రీసైక్లింగ్ బాధ్యత 20,000 చదరపు మీటర్లు, అంతకు మించిన కట్టడాలకే. నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో మనం కట్టుకునే నూటయాభై గజాల ఇళ్లు అందులోకి రావు. హైదరాబాద్‌కు జీడిమెట్లలో, ఫతుల్లాగూడలో రీసైక్లింగ్ ప్లాంట్లున్నాయి. ఒక్క ట్రాలీ మట్టి కోసం ఇక్కడి నుంచి అక్కడిదాకా ఎవరు పోతారు? చీకటిపడ్డాక ఏ చెరువు శిఖం లోనో, రోడ్డు పక్క గుంటలోనో పోస్తారు. ఊరికి ఒక్క జాగా చూపించి, ట్రిప్పుకింత అని బోర్డు పెడితే చాలావరకు ఆగుతుంది.

చివరికి ఆరు ట్రిప్పుల కిరాయి మేమే ఇచ్చాం. ట్రాక్టరాయన మళ్లీ వచ్చి కుప్ప ఎత్తించాడు. ట్రాలీ నిండాక 'ఎక్కడ పొయ్యాలె సార్?' అని అడిగాడు. రెండు వీధుల అవతల ఒకాయన బేస్‌మెంట్ నింపుకుంటుంటే మట్టీ ఇటుక ముక్కలూ అక్కడికి పోయాయి. పలిగిన టైల్స్ మాత్రం ఆయన వద్దన్నాడు. అవి ఇంకా మా గేటు లోపల బస్తాల్లోనే ఉన్నాయి.