తొలి పెట్టుబడికి ఫ్లాట్ వద్దు, పోర్షన్ల ఇల్లే మేలు

అద్దె ఆదాయం కోసం చిన్న వయసులోనే ఒక ఆస్తి కొనాలనుకునే యువతకు సలహాలకు కొదవ లేదు. ఒకరు ఫ్లాట్ కొనమంటారు, ఒకరు షాపు కొనమంటారు, ఇంకొకరు పర్యాటకులకు రోజువారీ అద్దెకిచ్చే గదులు తీసుకోమంటారు. అందరూ ముందుగా చూపించేది రాబడి శాతమే. తొలి ఆస్తి కొనేవారు మాత్రం ఆ శాతం కంటే ముందు, అద్దె ఆగిపోయిన నెలను తట్టుకోగలమా అని చూసుకోవాలి. ఎందుకంటే వారి చేతిలో పెద్ద పొదుపు ఉండదు, అప్పు మాత్రం ఉంటుంది. ఆ కోణంలో చూస్తే రెండు నుంచి నాలుగు పోర్షన్లున్న చిన్న ఇంటికి సాటి వచ్చే ఆస్తి మరొకటి లేదు.

లెక్క చూద్దాం. ఏదైనా ఒక నెలలో ఒక పోర్షన్ ఖాళీగా ఉండే అవకాశం 8 శాతం అనుకుందాం, అంటే ఏడాదిలో దాదాపు ఒక నెల. ఒకే ఫ్లాట్ ఉన్నవారికి ఆ నెల ఆదాయం సున్నా. నాలుగు పోర్షన్లున్నవారికి కూడా సగటు నష్టం 8 శాతమే, కానీ నాలుగూ ఒకే నెలలో ఖాళీ అయ్యే అవకాశం, ఒకదాని ఖాళీకి మరొకదానితో సంబంధం లేదనుకుంటే, లక్షకు నాలుగు మాత్రమే. ఆ ప్రాంతంలో పెద్ద ఉపాధి ఏదైనా మూతపడితే ఖాళీలన్నీ ఒకేసారి వస్తాయి కాబట్టి వాస్తవంలో అంత భరోసా ఉండదు, నిజమే. అయినా మామూలు సంవత్సరాల్లో ఈ తేడా చాలా పెద్దది. సగటు ఎంతైనా బ్యాంకు వాయిదా ప్రతి నెలా కట్టాల్సిందే. నెలవారీ వాయిదా పూర్తి అద్దెలో 70 శాతం మించకుండా అప్పు తీసుకుంటే, నాలుగింటిలో ఒక పోర్షన్ ఖాళీ అయినా మిగిలిన 75 శాతంతో వాయిదా గట్టెక్కుతుంది. అదే అప్పు ఒకే ఫ్లాట్ మీద ఉంటే, ఖాళీ నెలలో మొత్తం వాయిదా జీతంలోంచి కట్టాలి.

ఖర్చుల విషయంలోనూ ఇదే మేలు. పైకప్పు ఒకటి, మోటారు ఒకటి, మురుగు లైను ఒకటి, వాటిని మోసే అద్దెలు నాలుగు. ఇల్లు చూడటానికి వెళ్లినవారు కొత్తగా వేసిన రంగును చూసి మురిసిపోకుండా ముందు కరెంటు మీటర్ల దగ్గరికి వెళ్లాలి. పోర్షన్‌కొక మీటరు లేకపోతే ప్రతి నెలా బిల్లు పంచుకునే దగ్గరే తగాదా మొదలవుతుంది, మంచి అద్దెదారు ఆ తగాదాతోనే ఖాళీ చేసి వెళ్లిపోతాడు. ఆ తర్వాత బాత్రూములు ఒకదాని మీద ఒకటి ఉన్నాయా, వేర్వేరు మూలల్లో ఉన్నాయా చూడాలి. ఒకే వరుసలో ఉంటే పైపులు తక్కువ, లీకు ఎక్కడుందో వెతకడం సులువు. వీలైతే ఒక పోర్షన్‌లో తామే ఉండటం ఇంకా మంచిది. గోడ మీద చెమ్మ మరక అరచేయంత ఉన్నప్పుడే కంటపడుతుంది, గదంతా పాకాక ఫోన్లో తెలిసే పరిస్థితి రాదు.

ఫ్లాట్ వైపు వాదన లేకపోలేదు. అది తక్కువ మొత్తానికే దొరుకుతుంది, నిర్వహణను ఫ్లాట్ల యజమానుల సంఘం చూసుకుంటుంది, అమ్మాలనుకుంటే కొనేవారు త్వరగా వస్తారు. అయితే సంఘం నెలవారీ రుసుమును అద్దె వచ్చినా రాకపోయినా వసూలు చేస్తుంది, లిఫ్టు మార్చాలని తీర్మానిస్తే ఆ ఖర్చులో వాటాను ఎప్పుడు కట్టాలో యజమాని ఒక్కడే నిర్ణయించుకోలేడు. షాపులు, ఆఫీసులు ఒకసారి ఖాళీ అయితే నెలల తరబడి ఖాళీగానే ఉండగలవని 2020 తర్వాత చూశాం. రోజువారీ అద్దెల ఆదాయం ఒక్క నిబంధనతో తారుమారు కావచ్చు. న్యూయార్క్‌లో 2023 సెప్టెంబరు నుంచి 30 రోజులలోపు అద్దెలకు నమోదు తప్పనిసరి చేశారు, బార్సిలోనా నగరం పర్యాటక ఫ్లాట్ల అనుమతులను 2028 నవంబరు నాటికి ముగిస్తామని 2024లో ప్రకటించింది.

ఇంత స్పష్టంగా ఉన్నా యువత ఫ్లాట్ల వైపే మొగ్గడానికి కారణం ధర పెరుగుతుందన్న ఆశ. నన్ను బాధపెట్టేది ఇదే. 1870 నుంచి 2015 వరకు 16 దేశాల గణాంకాలను ఆర్థికవేత్తలు పరిశీలించినప్పుడు, ఇళ్ల మీద ద్రవ్యోల్బణం పోను మిగిలిన నిజ రాబడిలో ధరల పెరుగుదల వాటా కంటే అద్దె వాటాయే ఎక్కువని తేలింది. 1950 తర్వాత ధరలు పెరిగిన మాట నిజమే, కానీ మరో అధ్యయనం ప్రకారం ఆ పెరుగుదలలో సుమారు 80 శాతం భూమి విలువదే. అంటే కట్టడం కంటే దాని కింద ఉన్న నేలే ప్రియమైంది. ఆ నేల విలువ పెరిగేది యజమాని కష్టం వల్ల కాదు, చుట్టూ రోడ్లు, బడులు, ఉద్యోగాలు రావడం వల్ల. అమెరికన్ ఆర్థిక చింతకుడు హెన్రీ జార్జ్ 1879లోనే ఈ వాదన చేశాడు. తాను చేయని పని మీద ఆశ పెట్టుకుని ఇల్లు కొన్నవారికి తాళం వేసి ఉంచినా ఫరవాలేదనిపిస్తుంది. ఒక తరమంతా అలాగే ఆలోచిస్తే ఇళ్లు ఉంటాయి, ఉండటానికి మాత్రం దొరకవు. అద్దె మీద బతకాలనుకునే యజమాని మోటారు ఆగిన రోజే బాగుచేయిస్తాడు, మంచి కుటుంబం ఖాళీ చేయకుండా చూసుకుంటాడు. పోర్షన్ల ఇల్లు యువ పెట్టుబడిదారులను మొదటి నెల నుంచే ఆ పనిలో పెడుతుంది.

అందుకే కొనే ముందు అమ్మేవారు చెప్పే అద్దె అంకెలతో తృప్తి పడకూడదు. గత 12 నెలల్లో ఏ పోర్షన్‌కు ఎంత అద్దె జమ అయిందో, ఏ నెలలో జమ కాలేదో బ్యాంకు ఖాతాలో చూపించమనాలి. అద్దెదారులతో యజమాని లేని సమయంలో మాట్లాడాలి, నీళ్లు ఏ వేళల్లో వస్తాయో, చివరిసారి మరమ్మతు చేయించింది ఎవరి డబ్బుతోనో అడగాలి. మాట్లాడనివ్వనని చెప్పే యజమాని ఎంత తగ్గించి ఇస్తానన్నా ఆ ఇల్లు కొనవద్దు.