లిఫ్టులో ఉచిత వైద్యం

విజయవాడలో పిల్లల మానసిక వైద్యులు చాలడం లేదని దిగులుపడేవాళ్లు పటమటలో ఏ అపార్ట్‌మెంటు లిఫ్టయినా ఒకసారి ఎక్కి చూడాలి. పక్కన కుదురుగా నిలబడని పిల్లాడు ఒకడుంటే చాలు. సెల్లార్ నుంచి నాలుగో అంతస్తుకు చేరేలోగా రోగమేంటో, మందేంటో, తప్పెవరిదో అన్నీ తేలిపోతాయి. ఫీజు లేదు, టోకెన్ లేదు.

పాపం, డాక్టర్లదే నత్తనడక. ఏడీహెచ్‌డీ (పిల్లలకు ఏకాగ్రత, నిలకడ కుదరని సమస్య) అని తేల్చాలంటే వాళ్లకు 2013లో వచ్చిన డీఎస్ఎం-5 అనే మానసిక సమస్యల లక్షణాల పుస్తకం ఒకటి అడ్డం. ఏకాగ్రత లేకపోవడానికి 9 లక్షణాలు, నిలకడ లేకపోవడానికి మరో 9. పిల్లల్లో ఏదో ఒక పట్టీలో కనీసం 6 కనబడాలట. 6 నెలలైనా ఉండాలట, 12 ఏళ్లలోపే మొదలవ్వాలట, ఇంట్లో ఒక్కచోటే ఉంటే కుదరదట, బళ్లోనూ ఉండాలట. మూడో అంతస్తు పిన్నిగారికి ఇంత తతంగం దేనికి? "గారాబం ఎక్కువైందమ్మా. రెండు తగిలిస్తే వాడే దారికొస్తాడు." తలుపు తెరుచుకునేలోపు వైద్యం పూర్తి.

ఈ వైద్యంలో శాఖలూ ఉన్నాయి. దిష్టి శాఖవారు ఎండుమిరపకాయలతో సరిపెడతారు కాబట్టి వాళ్లతో పేచీ లేదు. చాక్లెట్ శాఖవారే గట్టివాళ్లు. తీపి తింటే అల్లరి పెరుగుతుందనడానికి ఆధారం లేదని, అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నీ కలిపి చూసి 1995లోనే చెప్పారు. ఆ కబురు ఇంకా వారధి దాటి మన ఊళ్లోకి రాలేదు. ఇక అత్తగార్లది వంశ శాఖ. ఇది ఎక్కువగా వంశంలో వచ్చేదేనని డాక్టర్ అంటే, "మా వైపు ఎవరికీ లేదు" అని ఆవిడ ఖండిస్తున్న సమయంలోనే, మామగారు సగం భోజనంలో లేచి కళ్లజోడు వెతుకుతుంటారు. అది ఆయన నెత్తిమీదే ఉంటుంది.

ఇన్ని సలహాలు ఉచితంగా అందుతున్నా తల్లిదండ్రులకు టెన్షన్ ఎందుకో అర్థం కాదు. తల్లికి పనేముంది? సాయంత్రం ఒక్క పేజీ కాపీరైటింగ్ రాయించడమే. మొదటి లైనుకు పెన్సిల్ పోతుంది, రెండో లైనుకు దాహం వేస్తుంది, మూడో లైను దగ్గర గోడమీద బల్లి కనబడుతుంది. తర్వాత బల్లి గురించే. ఈలోగా డైరీలో ఎర్ర సిరా: "పేరెంట్ వచ్చి కలవవలెను." పేరెంట్ అంటే అమ్మ అని వేరే చెప్పక్కర్లేదు. నాన్న అప్పటికే ఇంటికొచ్చాడు. సెల్లార్లో బండి మీద, హెల్మెట్ తియ్యకుండా, ఫోన్ చూసుకుంటున్నాడు. పైకి వెళ్లడానికి ఇంకా ధైర్యం కూడదీసుకోవాలి.

చిన్నపిల్లలకైతే మందులకన్నా ముందు తల్లిదండ్రులకే శిక్షణ ఇవ్వాలంటారు నిపుణులు. అందులో ముఖ్యమైన పాఠం, పిల్లాడు ఏదైనా సరిగ్గా చేస్తే అక్కడికక్కడే మెచ్చుకోవడం. ఆరో క్లాసు నుంచే ఐఐటీ ఫౌండేషన్ నడిపే ఊళ్లో, ర్యాంకు రాకుండా మెచ్చుకోవడమా? పక్కింటివాళ్లు వింటే ఏమనుకుంటారు!

నాదొక చిన్న విన్నపం. సలహా ఇచ్చిన ప్రతివారూ ఒక ఆదివారం పిల్లాణ్ని తమ ఇంట్లో ఉంచుకుని, ఆ కాపీరైటింగ్ పేజీ పూర్తి చేయించి పంపాలి. అడిగి చూశాం కూడా. పిన్నిగారు ఎంతో సంతోషించారు. కాకపోతే ఆ రోజే తెనాలిలో వాళ్ల తోడికోడలి కూతురి ఓణీల ఫంక్షన్ అట. పైవారం గృహప్రవేశం.