తొంభై నిమిషాలు, ఒక గ్యాస్ బండ

రెవెన్యూ శాఖలో పనిచేసినంత కాలం మా బాబాయి ఏ ఫైలు మీదా సొంతంగా ఒక నిర్ణయం రాసి ఎరుగడు. 'తగు ఉత్తర్వుల నిమిత్తం సమర్పించడమైనది' అని రాసి పైకి తోసేయడంలో ఆయనది అందెవేసిన చేయి. పదవీ విరమణ అయ్యాక మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చదువుతానని లా ప్రవేశ పరీక్ష లాసెట్‌కు దరఖాస్తు పెట్టాడు. గరిష్ఠ వయోపరిమితి లేదు కాబట్టి ఎవరూ ఆపలేకపోయారు. చిక్కల్లా ప్రశ్నపత్రంతోనే: 90 నిమిషాలు, 120 ప్రశ్నలు. అంటే 45 సెకన్లకు ఒక నిర్ణయం!

మొదటి నమూనా పరీక్షలో గడువు ముగిసేసరికి ఆయన ఇంకా జనరల్ నాలెడ్జ్‌లోనే ఉన్నాడు. "తప్పుకు మార్కులు కోయరు బాబాయ్, తోచింది నొక్కేయి" అన్నాను. "ఆధారం లేకుండా ఎలా నొక్కుతానురా? రేపు ఆడిట్ వాళ్లు అడిగితే?" అన్నాడు. పక్కన తెల్లకాగితం పెట్టుకుని ప్రశ్న ప్రశ్నకూ నోటు రాస్తున్నాడని తర్వాత తెలిసింది. 'ఎ, సి రెండును పరిశీలనార్హములు' అని ఒకచోట గుండ్రటి దస్తూరీతో ఉంది, కింద పొట్టి సంతకంతో సహా.

తప్పు తనది కాదు, వాతావరణానిది అని తేల్చాడు. ఇంట్లో పరీక్ష హాలు వెలిసింది. పిన్ని చీఫ్ సూపరింటెండెంట్. ఆదివారం పదింటికి గడియారం, ఫోను ఆవిడకు అప్పగించి, కంప్యూటర్ ముందు కూర్చుని, బయట తాళం వేయించుకున్నాడు. 11:30 దాకా ఎవరు పిలిచినా తీయకూడదని ఆజ్ఞ. పిన్ని తాళంచెవి కొంగున ముడి వేసుకుని, ఫోను బియ్యం డబ్బాలో పూడ్చి, గుడికి వెళ్లిపోయింది.

పావుగంటకు గ్యాస్ బండ వచ్చింది.

"కోడ్ చెప్పండి సార్" అన్నాడు కుర్రాడు కిటికీ దగ్గర నిలబడి. కోడ్ ఫోనులో ఉంది. ఫోను బియ్యంలో ఉంది.

"పరీక్షలో ఉన్నానయ్యా, బండ అక్కడ దించి వెళ్లు."

"కోడ్ లేకుండా దించకూడదు సార్."

నిబంధన నిబంధనే. ఆ కుర్రాడు బాబాయికి నచ్చాడు కూడా. వచ్చి వెళ్లినట్టు కాగితం రాసిచ్చి పొమ్మన్నాడు. కుర్రాడు కాగితం ఇవ్వలేదు, బండా ఇవ్వలేదు.

ఆ తర్వాత తెర మీదికి వచ్చిన ప్రశ్న అక్రమ నిర్బంధం గురించి. లండన్‌లో వంతెన మీద ఒక పక్క దారి మూసిన కేసులో, వేరే దారిన పోగలిగిన మనిషిని నిర్బంధించినట్టు కాదని 1845లోనే అక్కడి కోర్టు తేల్చింది. బాబాయికి సందేహం వచ్చింది. లేచి కిటికీ ఊచలు లాగి చూశాడు. స్నానాల గది వెంటిలేటర్ వెడల్పును జానతో కొలిచాడు. పొట్ట చుట్టుకొలతతో సరిపోల్చాడు. గడియారం మాత్రం ఆయన దర్యాప్తు కోసం ఆగలేదు.

మార్కులు 41 వచ్చాయి. అర్హతకు 42 కావాలి.

పులిహోర ప్రసాదం వరుసలో చిక్కుకుని పిన్ని 11:50కి తిరిగొచ్చింది. నేను వెళ్లేసరికి వాదోపవాదాలు నడుస్తున్నాయి.

"తాళం వేయమన్నది మీరే కదండీ!"

"నా సమ్మతి 11:30తో ముగిసింది. ఆపైన ఇరవై నిమిషాలూ అక్రమ నిర్బంధమే. 342 సెక్షను!"

2024 జూలై 1 నుంచి పాత ఐపీసీ (భారత శిక్షాస్మృతి) స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉందనీ, ఇప్పుడది 127 అనీ నేను అందించాను. బాబాయి మొహం మాడిపోయింది. ఆయన చేతిలోది కోఠి ఫుట్‌పాత్ మీద సగం ధరకు కొన్న పాత పుస్తకం.

"ఏ సెక్షనైనా పొయ్యి వెలగదు" అంటూ పిన్ని పులిహోర పొట్లం విప్పి రెండు భాగాలు చేసింది. ఒకటి తాను తీసుకుంది. బాబాయి చేయి చాపాడు. రెండోది నా ముందుకు జరిపింది.

"సాక్షికి బత్తా ఇవ్వాలి కదా" అంది.